పురుగు కొలతకు అల్లిన వెదురు

పురుగులను పెంచాలనుకున్న ఎవరికైనా ముందు వచ్చే సందేహం చోటు గురించే. ఎన్ని పురుగులకు ఎంత పెట్టె? మడగాస్కర్‌లో బుసకొట్టే బొద్దింక ఒకటి ఉంది. దాన్ని గాజుతొట్టెలో పెట్టుకుని ముద్దుగా పెంచుకునేవాళ్లు అమెరికాలోనూ యూరప్‌లోనూ ఉన్నారు. వాళ్లను వేధించేదీ ఈ లెక్కే. మన వైపు బొద్దింకను చేరదీసే అలవాటు లేదు. కానీ ఒక్క షెడ్డులో 40 వేల పురుగులను పెట్టి, వాటికి రోజురోజుకూ చోటు కొలిచి ఇచ్చే రైతులు మనకు దగ్గరలోనే ఉన్నారు. యానాంలో అగ్రహారం నుంచి బయల్దేరి 216వ జాతీయ రహదారి వదలకుండా కాకినాడ మీదుగా పిఠాపురం దాటితే, గొల్లప్రోలు మండలంలో చేబ్రోలు వస్తుంది. మల్బరీ తోటలకూ పట్టుపురుగుల పెంపకానికీ ఈ ప్రాంతంలో పేరున్న ఊరు. పిఠాపురం దగ్గర్నుంచి సముద్రం వైపు తిరిగితే జాందానీ చీరల ఉప్పాడ. చీర గురించి చాలామంది రాశారు. చీరకు నాలుగు మెట్ల ముందు ఉండే ఒక వెదురు వస్తువు గురించి రాసినవాళ్లు తక్కువ. దాని పేరు చంద్రిక. పట్టుపురుగు గూడు కట్టుకునేది దాని మీదే.

ఒక చంద్రికను నేల మీద పడుకోబెట్టి చూడండి. అడుగున 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న వెదురు తడిక. చుట్టూ గట్టి బద్దలతో అంచు కట్టి ఉంటుంది. ఆ తడిక మీద సన్నటి పేళ్లతో అల్లిన పట్టీ ఒకటి నిలువుగా నిలబడి, జంతిక చుట్టినట్టు చుట్లు చుట్లుగా తిరుగుతూ పోతుంది. పట్టీ ఎత్తు రెండు అంగుళాల పైచిలుకు. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు. మూత లేదు, తలుపు లేదు. ఎక్కడా మేకు కనిపించదు. చూడ్డానికి ఇంతే.

పనితనమంతా ఆ సందులో ఉంది.

పట్టుపురుగును బల్లపరుపు పళ్లెంలో ఒంటరిగా వదిలేస్తే అది గూడు కట్టలేదు. పట్టు మాత్రం వదులుతూనే ఉంటుంది. ఆసరా కోసం తల అటూ ఇటూ తిప్పుతుంది, దొరకదు, తిరిగిన చోటల్లా పోగు పరుస్తుంది. చివరికి పళ్లెం మీద ఒక పలచని పొర మిగులుతుంది. గూడు కావాలంటే దానికి అటొక గోడ, ఇటొక గోడ ఉండాలి. ఆ రెండిటి మధ్య ముందు చిక్కుచిక్కుగా కొన్ని పోగులు లాగుతుంది. అవి గూడు కావు, గూడును పట్టి ఉంచే తాళ్లు. వాటిలో నిలదొక్కుకున్నాక అసలు పని మొదలుపెడుతుంది. తలను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ, రెండు మూడు రోజుల పాటు ఒకే పోగును తెగకుండా తన చుట్టూ తానే చుట్టుకుంటుంది. మేలిరకం బైవోల్టీన్ పురుగైతే ఆ పోగు 1,000 మీటర్ల దాకా వస్తుంది.

అంటే గోడకూ గోడకూ మధ్య దూరం పురుగు ఒంటి కొలతను బట్టి ఉండాలి. పండిన పురుగు దాదాపు 7 సెంటీమీటర్లు ఉంటుంది. అది కట్టే గూడు 3 సెంటీమీటర్ల పైచిలుకు. సందు మరీ వెడల్పయితే పురుగు ఒక గోడను పట్టుకుని రెండోదాన్ని అందుకోలేదు. తాళ్లు కట్టడానికే పట్టు ఎక్కువ ఖర్చు పెట్టేస్తుంది, గూడు పలచబడుతుంది. సందు మరీ ఇరుకైతే గూడుకు నిండైన ఆకారం రాదు, గోడకు నొక్కుకుపోయి ఒక పక్క చదునవుతుంది. అలాంటి గూడు నుంచి దారం తీసేటప్పుడు పోగు మాటిమాటికీ తెగుతుంది. చంద్రిక అల్లే మనిషి స్కేలు పెట్టి కొలవడం నేను చూడలేదు. పట్టీని తిప్పుతూ వేళ్లు మధ్యలో పెట్టి చూసుకుంటాడు, ముందుకు పోతాడు. ఆరడుగుల పొడవునా ఆ వేళ్ల కొలత మారదు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా కన్ను ఆనించి చూశాను. చుట్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయి.

వస్తువు వెదురే అయినా అందులో అన్ని పేళ్లూ ఒకటి కావు. వెదురు బొంగుకు పైపొర గట్టిది, నున్ననిది. లోపలి పొర మెత్తన, పెళుసు. బలం కావలసిన చోట పైపొర నుంచి తీసిన పేళ్లు వాడతారు, పరుపుగా ఉండే చోట లోపలివి చెల్లుతాయి. పచ్చి వెదురును నిలువునా చీల్చి, బద్దలు చేసి, బద్దలను మళ్లీ పేళ్లుగా విడదీస్తారు. కణుపు దగ్గర కత్తి ఆగుతుంది. అక్కడ బలం చూపిస్తే పేడు పక్కకు చీలిపోతుంది, అందుకని కణుపును ముందే చెక్కి చదును చేస్తారు. ఆ చెక్కడంలోనే మేదరి పని తెలిసిపోతుంది. కణుపు సరిగా చెక్కని పేటికి చిన్న ముల్లు మిగులుతుంది. బుట్టకైతే ఆ ముల్లు పెద్ద లెక్కలోది కాదు. చంద్రికకు అది పనికిరాదు. పట్టుపురుగు చర్మం చాలా పలచన. ముల్లు గుచ్చుకుంటే కారిన రసం పక్క గూళ్ల మీద మచ్చలు వేస్తుంది, ఆ పురుగు గూడు కట్టకుండానే చచ్చిపోవచ్చు. మంచి చంద్రిక పట్టీ మీద అరచేయి రాస్తూ పోతే ఎక్కడా గరుకు తగలకూడదు. కొనేటప్పుడు అనుభవం ఉన్న రైతులు చేసే మొదటి పరీక్ష అదే.

పట్టీని తడికకు కట్టే తీరు కూడా చూడదగ్గది. సన్నని పేళ్లతో అక్కడక్కడా కుట్టినట్టు కడతారు. ముడి తడిక వెనక వైపు పడుతుంది. పురుగు తిరిగే వైపున ముడి గానీ తోక గానీ కనపడదు. కింద పట్టీ తడికకు పూర్తిగా అతుక్కుని ఉండదు, అల్లికలోని సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఈ గాలి సంగతి తర్వాత చెబుతాను, చాలా ముఖ్యమైనది.

ఇప్పుడు ఎన్ని పురుగులనే లెక్క. చంద్రిక వైశాల్యం 24 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 40 నుంచి 50 పురుగులు. అంటే ఒక చంద్రికకు వెయ్యి, మహా అయితే 1,200. ఈ హద్దు ఎందుకో తెలుసుకోవాలంటే హద్దు మీరిన చంద్రికను చూడాలి. చోటు చాలనప్పుడు రెండు పురుగులు ఒకే మూలలో చేరి, కలిసి ఒకే గూడు కట్టేస్తాయి. ఆ జంట గూడు మామూలు గూడు కన్నా పెద్దది, గట్టిది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ లోపల రెండు పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి ఉంటాయి. మేలైన సన్నదారం దాని నుంచి రాదు. లావుపాటి, గడ్డలు గడ్డలుగా ఉండే దుపియాన్ పట్టుకే అది పనికొస్తుంది, ధర పడిపోతుంది. రెండు పురుగుల కష్టం ఒక గూడు ఖరీదు కూడా చెయ్యకుండా పోవడం రైతుకు నిజంగా బాధ కలిగించే విషయం. పురుగులను మరీ పలచగా వేస్తే గూళ్లు బాగానే వస్తాయి, చంద్రికలు మాత్రం రెట్టింపు కావాలి. వాటిని ఆనించడానికి గోడలు కావాలి, మోయడానికి మనుషులు కావాలి.

ఇంత లెక్కా ఆఖరి రెండు మూడు రోజులకు. అంతకు ముందు మూడు నాలుగు వారాల పాటు చోటు పెంచుతూ పోయే పని వేరే ఉంది. ఒక్కో తల్లి చిలుక 400 నుంచి 500 గుడ్లు పెడుతుంది. రైతు తెచ్చుకునే 100 లేయింగ్స్, అంటే వంద చిలుకల గుడ్లు, 40 వేల పైచిలుకు పురుగులవుతాయి. గుడ్డు నుంచి బయటికొచ్చిన రోజున ఆ మొత్తానికీ 4 చదరపు అడుగుల చోటు చాలు. పురుగు 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, నల్లగా, వెంట్రుకలతో ఉంటుంది. అప్పుడు ఎక్కువ చోటు ఇస్తే కోసి వేసిన లేత ఆకు పురుగు చేరేలోపే వాడిపోతుంది. తక్కువ ఇస్తే బలహీనమైనవి ఆకు కిందే ఉండిపోతాయి. అందుకే చాకీ అనే ఈ పసి దశలో పడకను రోజూ కొద్దికొద్దిగా విస్తరిస్తారు. రెండో జ్వరం నాటికి అది 45 చదరపు అడుగుల దాకా పెరుగుతుంది. పురుగు చర్మం విడిచే సమయాన్ని జ్వరం అంటారు. ఒక్క జీవితంలో నాలుగు జ్వరాలు. ప్రతి జ్వరం తర్వాతా పడక విప్పి పరచాలి. ఐదో దశ చివరికి అవే పురుగులకు వందల చదరపు అడుగులు కావాలి. పుట్టినప్పటి కన్నా పురుగు బరువు దాదాపు 10 వేల రెట్లు పెరుగుతుంది మరి. తిన్న ఆకు మొత్తంలో నూటికి 80 పాళ్ల పైన ఆ ఆఖరి దశలోనే తింటుంది. అప్పుడు షెడ్డులోకి అడుగు పెడితే వాన పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. బయట ఎండ కాస్తూనే ఉంటుంది.

పడకలుండే మంచాలకు చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం, ఊజీ ఈగ రాకుండా తలుపులకూ కిటికీలకూ నైలాన్ వల కట్టడం లాంటివి ఎక్కడైనా ఉండేవే. పట్టుపురుగు పారిపోకుండా గోడ కట్టే అవసరం లేదు. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి అది ఆ సంగతే మరిచిపోయింది. వల కట్టేది బయటి శత్రువు కోసమే.

పండిన పురుగును గుర్తుపట్టడం వేరే విద్య. ఆకు మానేస్తుంది. ఒళ్లు కాస్త కుదించుకుంటుంది, పచ్చదనం పోయి పసుపు పొడ తేలుతుంది. వెలుగుకు పట్టి చూస్తే మెడ భాగం పారదర్శకంగా కనిపిస్తుంది. తల పైకెత్తి గాల్లో తిప్పుతుంది. అలవాటైన ఆడవాళ్లు పడక మీదుగా చేయి తిప్పుతూ పండినవాటినే ఏరి గిన్నెలో వేస్తుంటారు, పచ్చివాటిని తాకరు. వేలికి తగిలే మెత్తదనం తేడాతో చూడకుండానే ఏరగలవాళ్లు ఉన్నారు. నేను పక్కన నిలబడి చూశాను, అంత వేగంలో పొరపాటు దాదాపు కనపడలేదు. తొందరపడి పచ్చిపురుగును చంద్రిక మీద వేస్తే అది గూడు కట్టదు, తిరుగుతూ రెట్ట వేస్తుంది, మూత్రం పోస్తుంది. ఆలస్యం చేస్తే పడకలోనే పట్టు వదిలేస్తుంది. 40 వేల పురుగులు దాదాపు ఒకే రోజు పండుతాయి కాబట్టి ఆ రోజు ఇరుగుపొరుగు కూడా చేరతారు. 40 చంద్రికలు సిద్ధంగా ఉండాలి.

గాలి సంగతి ఇక్కడే. గూడు కట్టబోయే ముందు పురుగు కడుపులో మిగిలినదంతా బయటికి పంపేస్తుంది. ఆఖరున మూత్రం. ఒక్క పురుగుకు ఒక బొట్టే, కానీ షెడ్డు మొత్తానికి లెక్క వేసుకోండి. ఆ తడి గూటి మీద పడితే మచ్చ. ఆవిరై గాలిలో నిలిచిపోతే ఇంకా పెద్ద నష్టం. పట్టు పోగు మీద సెరిసిన్ అనే జిగురు ఉంటుంది, పట్టు బరువులో నాలుగో వంతు దాకా అదే. గాలి తేమగా ఉంటే ఆ జిగురు ఆలస్యంగా ఆరుతుంది, పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోతాయి. ఇక దారం తీసే కేంద్రంలో వేడినీళ్లలో వేసినా పోగు సాఫీగా ఊడిరాదు. గూడు కట్టేటప్పుడు తేమ 60 నుంచి 65 శాతం, వేడి 24, 25 డిగ్రీలు ఉండాలంటారు. అనంతపురం, హిందూపురం వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడి రైతుకు ఇది కొంత సులువు. కోరంగి మడ అడవుల గాలి వీచే మన తీరంలో అది అంత తేలిక కాదు. వర్షాకాలంలో మరీ కష్టం.

చంద్రిక ఈ పనిలోనూ సాయపడుతుంది. దాన్ని పరిచి ఉంచరు, గోడకు ఏటవాలుగా ఆనిస్తారు. వసారాలో, నీడలో, గాలి తగిలే చోట. పురుగులు వేసిన కాసేపటికి అవి పైకి ఎక్కుతాయి, చోటు వెతుక్కుంటాయి, మూత్రం కిందికి జారిపోతుంది. నిలువు పట్టీలు తడిని తమ మీద నిలవనివ్వవు. అల్లిక సందుల్లోంచి గాలి వెనక నుంచి ముందుకు పోతుంది. వెదురు తానే కొంత తేమ పీల్చుకుంటుంది. ఒకే వస్తువు ఆసరా ఇస్తుంది, కొలత చూపిస్తుంది, తడి పోగొడుతుంది. దీన్ని గీసి ఇచ్చిన ఇంజనీరు పేరు ఎక్కడా లేదు. తరతరాల మేదరులూ రైతులూ కలిసి సరిదిద్దుకుంటూ వచ్చిన వస్తువు ఇది.

జపాన్ వాళ్లు ఇదే సమస్యను ఇంకో దారిలో సాధించారు. అట్టముక్కలతో గడులు చేశారు, ఒక్కో చట్రానికి 156 గడులు, ఒక్కో సెట్టుకు 10 చట్రాలు. గడికి ఒక పురుగు. సెట్టును మధ్యలో ఇరుసు మీద వేలాడదీస్తారు. పురుగులకు పైకెక్కే స్వభావం ఉంది కాబట్టి అన్నీ పై చట్రాల వైపు పోతాయి. పైభాగం బరువెక్కగానే సెట్టు తనంతట తానే తిరుగుతుంది, పైది కిందికి వస్తుంది. పురుగులు మళ్లీ ఎక్కుతాయి, మళ్లీ తిరుగుతుంది. అలా తిరిగి తిరిగి అన్ని గడులూ నిండుతాయి. పురుగు అలవాటునే కూలీగా పెట్టుకున్న ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. గూళ్లు కూడా చంద్రిక గూళ్ల కన్నా ఒకే తీరుగా వస్తాయి. కానీ ఖరీదు ఎక్కువ, అట్ట తడికి పాడవుతుంది.

తేనెటీగల పెట్టెలోనూ కథ అదే. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాదిరి, చట్రాలకూ పెట్టెకూ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు వదిలితే ఈగలు ఆ దారిని ఖాళీగా ఉంచుతాయని గమనించాడు. అంతకు తగ్గితే జిగురుతో పూడ్చేస్తాయి, పెరిగితే అక్కడా తేనెపట్టు పెడతాయి. ఆధునిక తేనెపెట్టె అంతా ఆ సందు మీదే నిలబడింది.

మళ్లీ బొద్దింక దగ్గరికి వస్తే, దాన్ని పెంచేవాళ్లు నేర్చుకున్నదీ చంద్రిక చెప్పేదే. మడగాస్కర్ బొద్దింక 5 నుంచి 7 సెంటీమీటర్లు ఉంటుంది. ఎంత పెద్ద తొట్టె కొన్నా లోపల ఖాళీగా ఉంటే అది ఒక మూలకు చేరి ముడుచుకుంటుంది. ఒళ్లు ఏదో ఒకదానికి ఆనకపోతే దానికి నిలకడ ఉండదు. అందుకని కోడిగుడ్ల అట్టలను నిలువుగా నిలబెట్టి పేరుస్తారు. అప్పుడు చిన్న తొట్టెలోనే బోలెడంత చోటు పుడుతుంది. రెట్ట కిందికి రాలిపోతుంది, గాలి ఆడుతుంది. అట్టల మధ్య సందు పెద్ద బొద్దింకకు సరిపోవాలి, పిల్లలు దాక్కోవడానికి ఇరుకు చోట్లూ ఉండాలి. తొట్టెను లీటర్లలో కొలిచేకన్నా లోపల పురుగు పట్టుకుని నిలబడగల ఉపరితలాన్ని కొలవడం మేలు. పట్టుపురుగుకు అక్కర్లేనిది ఒకటి మాత్రం బొద్దింకకు తప్పనిసరి. అది గాజు మీద కూడా పాకగలదు కాబట్టి తొట్టె పైఅంచు చుట్టూ వాజలీన్ పూస్తారు, గట్టి మూత పెడతారు. బడిలో పిల్లలకు చూపించడానికి అయిదారు పురుగులను పెంచాలనుకునే మాస్టారు ఎవరైనా ఉంటే, పెట్టె కొనే ముందు ఒక చంద్రికను దగ్గరగా చూడమని చెబుతాను.

ఇప్పుడు చంద్రికకు బదులు ప్లాస్టిక్ నేత్రికలూ ఉన్నాయి. మడత పెట్టి అటక మీద పెట్టుకోవచ్చు, కడగడం తేలిక, పురుగులను ఒక్కొక్కటిగా ఏరక్కర్లేకుండా పడక మీదే పరిస్తే అవే ఎక్కుతాయి. కూలీలు దొరకని చోట రైతు వాటి వైపు పోవడంలో తప్పేమీ లేదు. వెదురుకు ఉన్న ఇబ్బందులూ నిజమే. పంటకూ పంటకూ మధ్య దాన్ని బాగా శుభ్రం చేయాలి, ఫ్లేమ్ గన్ మంటతో పట్టీలకు అంటుకున్న నూగు పోగులు కాల్చెయ్యాలి. లేకపోతే రోగక్రిములు ఆ పోగుల్లోనే ఉండిపోతాయి. మంట దగ్గరగా పెడితే వెదురు మాడుతుంది, దూరంగా పెడితే నూగు పోదు. అదీ ఒక చేతి లెక్కే. అయినా తేమ గాలి ఉన్న తీరప్రాంతానికి వెదురే తగినదని నా నమ్మకం. ప్లాస్టిక్ తడిని పీల్చదు. చంద్రిక అల్లే కుటుంబాలకు మంచి వెదురు అందుబాటు ధరలో దొరికేలా చూడడం, వాళ్ల పనిని పట్టు పరిశ్రమలో ఒక భాగంగా లెక్కపెట్టడం మన వ్యవసాయ ప్రణాళికల్లో ఉండవలసిన విషయం. దారం తీసేవాళ్లకూ నేసేవాళ్లకూ ఇచ్చే గుర్తింపులో కొంతైనా వీళ్లకు రావాలి.

పురుగులను చంద్రిక మీద వేసిన అయిదో రోజో ఆరో రోజో, బైవోల్టీన్ అయితే ఇంకొక రోజు ఆగి, గూళ్లు కోస్తారు. చంద్రికను ఒడిలోకి వంచుకుని సందుల్లోంచి ఒక్కొక్క గూడునూ వేళ్లతో విడదీస్తారు. నూగు పట్టీకే ఉండిపోతుంది, గూడు చేతికొస్తుంది. తీసినవాటిని అక్కడే మూడు కుప్పలు పోస్తారు. మంచివి ఒక వైపు, మచ్చపడ్డవీ పలచబడ్డవీ ఒక వైపు, జంట గూళ్లు ఒక వైపు. జాగ్రత్తపరుడైన రైతు ఆ మూడో కుప్పను చంద్రిక వారీగా లెక్కపెడతాడు. ఏ చంద్రికలో జంటలు ఎక్కువ తేలాయో, వచ్చే పంటకు దాని మీద వంద పురుగులు తగ్గిస్తాడు.